చింతపండులో మరిచిపోయిన కత్తి

హైదరాబాదు అమీర్‌పేటలో, బల్కంపేట పోయే రోడ్డు వెనక గల్లీలో కత్తులకు మరకలు తీసి మెరుగు పెట్టే దుకాణం నడుపుతున్న, కీర్తిశేషులు పోశెట్టి భార్య సీతాబాయి అను నేను, డెబ్బై ఏళ్ల వయసులో, నా ఇష్టప్రకారం రాయించి ఇస్తున్న మరణశాసనం ఏమనగా:

నా మతి స్థిరంగా ఉంది. ఈ మాటను వకీలు అనుపమ గారు నాలుగు వరుసల్లో చాలా గొప్పగా రాశారు గానీ నాకు నచ్చక కొట్టేయించాను. నా లెక్క ఇది. ఎవరి కత్తి ఏ గూట్లో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఏ మరక నిమ్మకాయది, ఏ మరక ఉల్లిగడ్డది, ఏది కడిగి తుడవని సోమరితనానిది, చూడగానే చెప్పగలను. ఇంతకన్నా స్థిరమైన మతి కావాలంటే కోర్టువారే ఎక్కడైనా వెతుక్కోవాలి. నా మెడ మీద కత్తి పెట్టి ఎవరూ ఇది రాయించలేదు. పెట్టాలనుకున్నవాడు కూడా ముందు దాన్ని నా దగ్గరికే తెచ్చి బాగుచేయించుకోవాలి.

ఇంతకు ముందు నేను వీలునామా రాసింది లేదు. రెండేళ్ల కింద నా కొడుకు రాఘవేందర్ ఫోన్లోంచి ఒకటి దింపి, నింపి, "ఇక్కడొక సంతకం కొట్టమ్మా" అని తెచ్చాడు. అందులో నన్ను మగవాడిగా రాసి ఉంది. అది చెల్లదు. నాకు తెలియకుండా ఇంకేదైనా బయటపడితే అదీ చెల్లదు.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత పంజాగుట్టలో ఆఫీసు ఉన్న వకీలు అనుపమ గారిది. ఆమె ఓపిక గలది. నేను పెట్టిన ప్రతి మాటకూ "అమ్మా, ఇది వీలునామాలో రాయాల్సిన సంగతి కాదు" అని చెప్పింది, చెబుతూనే రాసింది. ఆమెకు నా పండ్ల చాకు, చందనం రంగు పిడి ఉన్నది, ఇవ్వాలి. ఆఫీసులో జామకాయను పేపర్లు కోసే బ్లేడుతో కోసుకుంటుంటే చూశాను. చదువుకున్నవాళ్లు చేసే పనేనా అది?

అన్నిటికీ కలిపి ఒక షరతు. ఈ వీలునామా కింద ఇచ్చే ఏ కత్తినీ చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు. బల్ల మీద పెట్టాలి, తీసుకునేవాళ్లు తీసుకోవాలి. చేతికిస్తే తగాదా వస్తుందని మా అమ్మ చెప్పేది. నేను ఒక్కసారి తప్పాను. ఆ సంగతి ఐదో అంశంలో ఉంది.

2. నేను ఉంటున్న రెండు గదుల ఇల్లు, అందులోని మంచం, బీరువా, ఫ్రిజ్ నా కొడుకు రాఘవేందర్‌కు చెందుతాయి. వాడు మైత్రీవనం దగ్గర ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. ఒక్కో బ్యాచ్‌కు రెండు వందల మంది కూర్చుంటారట, వాడు చెప్పింది రాసుకుంటారట. ఇంట్లో మాత్రం వాడికి నేను చెప్పింది ఒక్క ముక్క తలకెక్కలేదు. స్టెయిన్‌లెస్ స్టీలుకు మరక పట్టదని ఇప్పటికీ నాతో వాదిస్తాడు. ఉప్పు నీళ్లలో ఒక రోజు ఉంచి చూడరా అంటే, "నీకు మెటలర్జీ తెల్వదమ్మా" అంటాడు. నలభై రెండేళ్లు నేను చేసిన పని పేరు మెటలర్జీ అని నాకు అప్పుడే తెలిసింది.

దుకాణం ఉన్న గది, అదే మల్గి, వాడికి ఇవ్వడం లేదు. "గా మల్గి ఇస్తే రిజిస్ట్రేషన్ కౌంటర్ పెట్టుకుంట" అని అడిగాడు. అమీర్‌పేటలో తల ఎత్తితే కోర్సుల బోర్డులే. వాటి వెనక ఆకాశం ఉందో లేదో కూడా తెలియడం లేదు. ఇంకొక బోర్డుకు నా మల్గి ఇవ్వను. ఇందులో వాడి మీద కోపమేమీ లేదు. వాడు మంచివాడు, నా బీపీ మాత్రలు ఒక్క నెల కూడా మరవలేదు. ఒట్టి మొండివాడు, అంతే. ఆ మొండితనం ఎవరిదో గల్లీలో అందరికీ తెలుసు గనుక దాని గురించి ఇక్కడ రాయను.

3. నా వంటింటి కత్తులు ఆరూ కోడలు వనితకు. ఆమె వచ్చిన కొత్తలో కత్తులను గిన్నెలతో పాటు సింకులో పడేసేది. నేను అరిచాను. మూడేళ్లు అరిచాను. ఇప్పుడు నిమ్మకాయ కోసిన మరుక్షణం కడిగి, తుడిచి, నిలబెట్టి ఆరబెడుతుంది. నేను చూడనప్పుడు కూడా అలాగే చేస్తుంది. నేను చాటుగా చూశాను గనుక తెలుసు. ఈ మాట ఆమె ముందు ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు అంటున్నాను. ఆ ఇంట్లో నా పని అర్థమైంది ఆమె ఒక్కదానికే.

4. దుకాణంలో ఎవరూ వచ్చి తీసుకుపోని కత్తులు ఇరవై మూడు ఉన్నాయి. ప్రతిదానికీ పేరు రాసిన చీటీ కట్టి ఉంది. వాటిని ఏడాది పాటు ఉంచి, మనుషులు వస్తే ఇచ్చేయాలి. ఇచ్చేటప్పుడు కింది సంగతులు గట్టిగా చదివి వినిపించాలి. నేను బతికుండగా చెబితే ఎవరూ వినలేదు. పోయినవాళ్ల మాట అయితే కొంచెం భయంతో వింటారని ఆశ.

దసరాకు ఆయుధపూజ చేస్తారు, మంచిదే. పసుపు కుంకుమ నీళ్లలో కలిపి కత్తికి బొట్లు పెడతారు. నిమ్మకాయ కోసి ఆ కత్తి పక్కనే పెడతారు. ఆ రోజు పనిముట్టును ముట్టకూడదని మర్నాటి దాకా అలాగే వదిలేస్తారు. మర్నాడు నల్ల మచ్చలు. వరుసగా మూడు మచ్చలు, దేవుడే వేలు పెట్టినట్టు! పండగ వెళ్లిన వారం అంతా గల్లీలో నా దుకాణం ముందు లైను. మొన్న దసరాకు బంజారాహిల్స్ నుంచి ఒకామె కారులో వచ్చి, "అమ్మవారు కోపగించుకున్నదేమో" అని కళ్ల నీళ్లు పెట్టుకుంది. అమ్మవారికి వేరే పని లేదా? బొట్టు పొడిగా పెట్టండి. పూజ కాగానే నూనె గుడ్డతో ఒకసారి తుడవండి. తుడిచినందుకు ఏ దేవతా అలగదు.

మరక పడితే కంగారుపడి ఇనుప పీచుతో అడ్డదిడ్డంగా గీకకండి. మరక పోతుంది, దాని చోట గీతలు వస్తాయి, ఆ గీతల్లో కొత్త మరక కూర్చుంటుంది. వంట సోడా ముద్ద చేసి రాయాలి. సగం కోసిన ఆలుగడ్డతో పిడి నుంచి కొన దాకా ఒకే దిక్కుగా రుద్దాలి. వేళ్లు ఎప్పుడూ వెన్ను వైపు ఉండాలి. మొండి మరకకు చింతపండు, ఉప్పు. అదీ పావుగంట. పావుగంట అంటే పదిహేను నిమిషాలు. తరవాత కడిగి, పొడి గుడ్డతో తుడిచి, కొబ్బరినూనె చుక్క రాయాలి. ఇంతే విద్య. ఇది చెప్పడానికి నాకు నలభై రెండేళ్లు పట్టింది, వినడానికి మీకు ఇంకా తీరలేదు.

5. శ్రీనగర్ కాలనీలో ఉంటున్న అచ్యుతరావు గారికి ఆయన కత్తి తిరిగి ఇచ్చేయాలి. ఆయన పెళ్లిళ్లకు వంట చేయించే మేస్త్రీ, గుంటూరు వైపు మనిషి. అది వాళ్ల నాన్నగారి కత్తి, పాత ఉక్కు, మూరెడు పొడుగు. ఇది ఎందుకు నా దగ్గర ఉండిపోయిందో రాయకపోతే మిగతా వీలునామాకు అర్థం లేదు. అనుపమ గారు ఇక్కడ కలం కింద పెట్టి నా వైపు చూశారు. రాయమన్నాను.

నా తమ్ముడు మొగిలయ్య, నేను కలిసి దుకాణం నడిపినవాళ్లం. మా ఆయన పోయాక వాడే నాకు తోడు నిలిచాడు. సాన వాడిది, మరకలూ మెరుగూ నావి. ఒకరి పనిలో ఇంకొకరం వేలు పెట్టకూడదని మా మధ్య కట్టుబాటు. అలా ఉంటేనే అక్కాతమ్ముళ్లు ఆరడుగుల మల్గిలో కొట్టుకోకుండా బతకగలరు.

2014 ఆషాఢంలో, బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం రోజు పొద్దున అచ్యుతరావు గారు కత్తి తెచ్చారు. ఆవకాయ ముక్కలు కొట్టి కొట్టి నల్లబడింది. సాయంత్రానికి కావాలన్నారు, మర్నాడు ఒకరింట్లో బారసాల వంట ఉందట. నేను చింతపండు గుజ్జు, ఉప్పు కలిపి డబ్బాలో కత్తి ముంచాను. అంతలో పక్కింటి రాజమ్మ వచ్చి కల్యాణం చూసొద్దాం రమ్మంది. పావుగంటలో వస్తాంలే అనుకుని, తమ్ముణ్ణి దుకాణంలో ఉంచి పోయాను. ఆ జనంలో లోపలికి పోవడమే తప్ప బయటికి రావడం మన చేతిలో ఉంటుందా? అమీర్‌పేటలో పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి తెలియదా? తెలుసు. అయినా పోయాను. తిరిగొచ్చేసరికి సాయంత్రం నాలుగు. కత్తి తీసి చూస్తే బూడిద రంగు తిరిగి, పిడి కింది నుంచి కొన దాకా అలుగు నిండా సన్న గుంటలు.

ఐదింటికి అచ్యుతరావు గారు వచ్చారు. కత్తి చూసి, "ఏంటండీ సీతాబాయి గారూ ఇది, మా నాన్నగారి కత్తండీ" అన్నారు. ఆయన అరిచి ఉంటే నిజం చెప్పేదాన్నేమో. అరవలేదు. ఆయన ముఖం చూడలేక నా నోటి వెంట వచ్చిన మాట, "మా తమ్ముడు యాసిడ్ పోసిండు."

ఆ మాట అందరూ నమ్మారు. ఎందుకంటే అంతకు రెండేళ్ల ముందు మొగిలయ్య తొందరపడి ఒక మాంసం దుకాణం కత్తి మీద బాత్రూం యాసిడ్ పోసి పాడుచేశాడు. గల్లీ అంతా నవ్వింది. ఇక ముట్టనని అమ్మ మీద ఒట్టేశాడు, ముట్టలేదు. ఆ పాత తప్పు మీద నా కొత్త తప్పు తెచ్చి పెట్టాను. అంతటితో ఆగానా? కత్తి తీసి, "చూస్కో నీ పని" అని వాడి చేతిలోనే పెట్టాను. చేతికి చేయి.

మొగిలయ్య కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు. యాసిడ్ పని ఎలా ఉంటుందో, చింతపండు పని ఎలా ఉంటుందో వాడికి తెలియకనా? నన్ను చూశాడు. కత్తి బల్ల మీద పెట్టి, సాన చక్రం విప్పి బండి మీద వేసుకుని పోయాడు. అచ్యుతరావు గారు కూడా "ఉంచుకోండమ్మా, నాకిక వద్దు" అని వెళ్లిపోయారు.

చేతికి చేయి కత్తి ఇచ్చినందుకే తగాదా వచ్చిందని రాజమ్మ ఇప్పటికీ అంటుంది. కత్తినేమీ అనకండి. అబద్ధం నాది. యాసిడ్ ఎవరూ పోయలేదు. చింతపండులో మరిచిపోయింది నేను. నా తమ్ముడు మొగిలయ్య ఏ తప్పూ చేయలేదు. ఇది నా పూర్తి స్పృహతో రాయిస్తున్నాను, అనుపమ గారు ఈ వాక్యం కింద గీత గీయాలి.

ఈ పదకొండేళ్లలో తీరిక దొరికినప్పుడల్లా ఆ కత్తిని నీళ్లలో తడిపి రుద్దే గరుకు కాగితంతో నునుపు చేస్తూ వచ్చాను. గుంటలు పోయాయి. గుంటలతో పాటు అలుగు ఒక వేలు సన్నబడింది. అచ్యుతరావు గారు క్షమించి తీసుకోవాలి. ఉల్లిగడ్డలకు పనికొస్తుంది, మామిడికాయలకు బలం చాలదు.

6. అమీర్‌పేట మల్గి, మోటారు, రెండు మెరుగు చక్రాలు, గరుకు కాగితాల పెట్టె, పొట్టి పీట, ఇంకా నా పాత నూలు చీరలు చింపి మడతపెట్టిన గుడ్డల మూట, ఇవన్నీ నా తమ్ముడి కూతురు మధులతకు. ఆఖరి తుడుపుకు అంత మెత్తటి గుడ్డ ఏ బజారులోనూ దొరకదు. అందులో ఆకుపచ్చ గుడ్డలు నా పెళ్లి చీరవి, అవి మంచి కత్తులకు మాత్రమే వాడాలి.

మధులత పంజాగుట్ట ఫ్లైఓవర్ దగ్గర తండ్రి బండి మీద పని చేస్తుంది. పోలీసులు పొద్దున అటు జరపమంటారు, మధ్యాహ్నం ఇటు జరపమంటారు. వాన పడితే సాన ఆగుతుంది. పిల్ల చేతిలో పని ఉంది. నెలకోసారి నా దగ్గరికి చాటుగా వచ్చి మెరుగు నేర్చుకుంది, ఇక చాటు అక్కర్లేదు గనుక రాస్తున్నాను. నెత్తిన ఒక కప్పు ఉంటే హోటళ్ల పని పట్టుకుని నిలబడుతుంది. కానీ మల్గి సంగతి చెబితే ఏమందో తెలుసా? "బాపు ఒప్పుకుంటేనే తీస్కుంట అత్తా, లేకుంటె నాకొద్దు." మా ఇంట్లో మొండితనం ఆడపిల్లలకు కూడా సమంగా పంచారు.

7. నా తమ్ముడు మొగిలయ్యకు ఈ వీలునామాలో ఏమీ ఇవ్వడం లేదు. ఒక గుడ్డ ముక్క కూడా లేదు. చదివేవాళ్లు తొందరపడి నన్ను తిట్టకముందే కారణం చెబుతాను.

పదకొండేళ్లుగా రాఖీ పంపిస్తే కట్టుకున్నాడు, రాలేదు. అరిసెల డబ్బా పంపిస్తే మూత తీయకుండా తిప్పి పంపాడు. "అక్క చేతి నుంచి పైసా సుత ముట్ట" అన్నాడట. మెట్రోలో అమీర్‌పేటకూ పంజాగుట్టకూ మధ్య ఒక్క స్టేషన్ కూడా లేదు. ఇక్కడ ఎక్కితే తలుపు మూసుకున్న కాసేపటికే దిగొచ్చు. నేనూ పోలేదు. కత్తుల సంచితో మెట్రో ఎక్కనివ్వరని సాకు చెప్పుకున్నాను, సంచి ఇంట్లో పెట్టి పోవచ్చని తెలియనట్టు. మంచి పదును కావాల్సినవాళ్లు వాడి దగ్గరికి పోతారు, మరక తీయించుకోవాల్సినవాళ్లు నా దగ్గరికి వస్తారు. రెండూ కావాలంటే ఆటోలో అటూ ఇటూ తిరుగుతున్నారు. వాళ్లకు మా మీద ఎంత విసుగో, నాకు మా ఇద్దరి మీద అంతకు రెట్టింపు విసుగు. నా సాన వాడి సానలో సగానికి రాదు. ఇదీ రాయించాను, చదువుకోనీ.

వాడి మీద నాకున్న పెద్ద కోపం ఒకటే. ఆ రోజు నోరు ఎందుకు మెదపలేదు? "అబద్ధమాడుతున్నవ్ అక్కా" అని ఒక్క మాట అని ఉంటే అక్కడే ఏడ్చి ఒప్పుకునేదాన్ని. తప్పు లేనివాడు అలా తల దించుకుని పోతాడా? పదకొండేళ్లుగా అంట్లు తోముతూ, కత్తులు తోముతూ ఇదే ఆలోచించాను. నాకు అంతుపట్టలేదు.

అనుపమ గారు ఒక సంగతి చెప్పారు. వీలునామా మీద సాక్షి సంతకం పెట్టేవాడికి అదే వీలునామాలో ఏదైనా రాసిస్తే అది చెల్లదట. సాక్షి కూతురికి రాసిస్తే చెల్లుతుందట. చట్టం చేసినవాళ్లకు మా తమ్ముడి సంగతి ముందే తెలిసినట్టుంది. అందుకే వాడికి ఏమీ రాయలేదు. నా చేతి నుంచి ఏమీ తీసుకోనక్కర్లేదు. వచ్చి, ఇదంతా చదివి, సంతకం పెట్టి పోతే చాలు. వాడి సంతకం ఉంటే మధులతకు తండ్రి ఒప్పుకున్నట్టే.

సాక్షి చదవాల్సిన పని లేదు, నేను సంతకం పెట్టడం చూస్తే సరిపోతుంది, వీలునామా తరవాత చదువుతారు అని అనుపమ గారు నచ్చజెప్పారు. తరవాత అంటే నేను పోయాక. నేను పోయాక చదివితే వాడు ఎవరిని తిడతాడు? ఇప్పుడే చదవాలి, నా ముందే చదవాలి. వాడు రాకపోతే నేను సంతకం పెట్టను. ఈ కాగితాలు ఇలాగే పడుంటాయి, మల్గి చట్టప్రకారం నా కొడుక్కే పోతుంది, గల్లీలో ఇంకొక బోర్డు లేస్తుంది.

మొదటి సాక్షి రాజమ్మ. ఆమె నా వెట్ గ్రైండర్ మీద ఎప్పటి నుంచో కన్నేసింది. సాక్షి అయితే గ్రైండర్ రాదని తెలిసి రెండు రోజులు ఆలోచించుకుంది. ఆ బాధ చూడలేక గ్రైండర్ నిన్ననే ఆమె ఇంటికి పంపించేశాను. కాబట్టి దాని గురించి ఈ వీలునామాలో ఏమీ లేదు.

ఇది నా చివరి వీలునామా. ఇందులో రాసినదంతా నాకు చదివి వినిపించారు, రెండు చోట్ల దిద్దించాను, మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది.

2025 నవంబరు పన్నెండో తేదీ, బుధవారం, పంజాగుట్టలో వకీలు అనుపమ గారి ఆఫీసులో.

(సంతకం) సీతాబాయి

సాక్షులు:

1. (సంతకం) రాజమ్మ, అమీర్‌పేట.

2. (సంతకం) మొగిలయ్య, సాన బండి, పంజాగుట్ట.

రెండో సాక్షి తన చేతితో రాసినది: సీతాబాయి మా ఇద్దరి ముందట సంతకం చేసింది. హోష్‌లనే ఉన్నది. మధులతకు మల్గి ఇచ్చుడు నాకు సమ్మతమే. ఐదో అంశం, ఏడో అంశం రెండుసార్లు చదివిన. నేను సుత ఒకటి రాయాలె. ఆ దినం పదకొండు గంటలకే డబ్బాల కత్తి చూసిన. చింతపండుల ఉన్నదని నాకు ఎర్కనే. తీసి కడిగితే అయిపోతుండె. మరకల పని అక్కది, నాకేంది అని కూసున్న. నన్ను దుకాణంల కూసోబెట్టి కల్యాణానికి రాజమ్మను తోల్కపోయిందని కోపం. ఐదు గంటలు గా డబ్బా ముందటనే కూసున్న. అందుకే నోరు లేవలే. పదకొండేండ్లు ఎవ్వరికి చెప్పలే. అక్క ఇప్పుడే చదివింది. ఇంకా తిడుతనే ఉన్నది.